తిట్టింది నోరు, దారిచ్చింది కాలు

బళ్లారి రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కిన టాక్సీ ఊరు దాటి సంగనకల్లు దారి పట్టిందో లేదో, వెనకనుంచి ఒక బైకు రయ్యిమంటూ వచ్చింది. దాని మీద ముగ్గురు. నడిపే పిల్లవాడు మెడ ఒక పక్కకు వంచి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో నవ్వుతున్నాడు. ఎదురుగా మిరప బస్తాల లారీ. "సూడండమ్మా, సూడండి, ఈ కాలం పిల్లోళ్లు! పానమంటే లెక్క ల్యాదు, పక్కనోడంటే లెక్క ల్యాదు" అన్నాడు డ్రైవరన్న. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఆయన కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. బండి నెమ్మదించి ఎడమ పక్క మట్టిలోకి ఒరిగింది. మాకూ లారీకీ మధ్య దొరికిన ఆ కాస్త జాగాలోంచి ముగ్గురు పిల్లలూ దూరిపోయారు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. డ్రైవరన్న మాత్రం వాళ్లు మలుపు తిరిగేదాకా కన్నార్పకుండా చూసి, "పాయ" అని ఊపిరి వదిలి గేరు మార్చాడు.

ఎంతసేపు జరిగిందది? నాలుగు క్షణాలు ఉంటుందేమో. కానీ ఆ నాలుగు క్షణాలు నన్ను వదిలిపెట్టడం లేదు. తిట్టింది నోరు, దారిచ్చింది కాలు. ఈ రెండింట్లో ఆ మనిషి అసలు అభిప్రాయం ఏది? ఎవరైనా అడిగితే ఆయన నోటి మాటనే తన అభిప్రాయంగా చెబుతాడు. మనమూ దాన్నే రాసుకుంటాం. కాలు చెప్పిందాన్ని ఎవరు రాసుకుంటారు? ఆయనకే దాని సంగతి తెలిసినట్టు లేదు. నలభై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి కాలు, మనసును అడక్కుండానే లేచి ఉంటుంది. మరి అదే కదా, నలభై ఏళ్లలో ఆయన అయింది?

ఆ రోజు నేను వెళ్తున్నది సంగనకల్లు గుట్టలు చూడటానికి. అనంతపురంలో ఉంటూ, పక్కనే ఉన్న బళ్లారికి ఎన్నిసార్లు వచ్చానో, ఆ గుట్టలు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. రిటైరయ్యాక గానీ తీరలేదు. కుదిరిన టాక్సీ తెల్లటి పాత కారు. ఎల్లో బోర్డు మీద అంకెలు సగం చెరిగాయి. డ్రైవరుకు అరవై దాటాయి. భుజం మీద తువ్వాలు, సీటు పక్కన అయిదు లీటర్ల నీళ్ల క్యాను. క్యాను మీకా, బండికా అని అడిగాను. "ఇద్దరికీ అమ్మా. బళ్లారి ఎండకు ఇద్దరం ఒకే తీరుగా కాగుతాం" అన్నాడు. అంబాసిడర్ రోజుల అలవాటట అది. అప్పట్లో రేడియేటరు కాగిపోతే దోవలో నీళ్లు దొరకవని ఎప్పుడూ క్యాను పెట్టుకునేవాడు. ఇప్పటి బండికి ఆ పని లేదు. క్యాను మాత్రం ఉంది.

బైకు పోయాక ఆయన మాటలకు అడ్డు లేకుండా పోయింది. స్టాండులో కొత్తగా చేరిన పిల్లవాడొకడు ఉన్నాడట, ఇరవై మూడేళ్లుంటాయి. వాడి గురించి మొదలుపెట్టాడు. రెండు చెవుల్లోనూ ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే. పార్టీ పిలిస్తే వినపడదు. దోవ అడగడు. మంత్రాలయానికి పోయే దోవ కూడా ఫోనే చెప్పాల. "నోరుండాది గదమ్మా, దిగి ఒక్క మాట అడిగితే ఏం పోతాది? టీ బంకులో అడిగితే దోవ ఒక్కటే చెప్తారా? యాడ గుంత ఉండాది, యాడ వంక పారతాండాది, యాడ పోలీసోళ్లు నిలబడినారు, అన్నీ చెప్తారు. ఫోను ఎడమకు తిరుగు అంటాది, అంతే." స్టెప్నీలో గాలి ఉందో లేదో పొద్దున్నే చూసుకోడు. వెయిటింగ్ అంటే వాడికి పడదు. పార్టీ గుడిలోకి పోతే పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తాడు. "దేవుని ముందర నిలబడినోళ్లకు ఫోన్ చేస్తారామ్మా ఎవురన్నా?" రాత్రి ట్రిప్పు చేసొచ్చి నిద్ర పోకుండా ఫోను చూస్తాడు, పొద్దున మళ్లీ తిరపతికి ఒప్పుకుంటాడు. కళ్లు ఎర్రగా ఉంటాయి. అడిగితే ఏం కాదులే అంటాడు. పొద్దున్నే ఏమీ తినడు. పదకొండింటికి ఇంత టీ, బిస్కెట్టు. "ఆ కడుపు ఏం గావాల?"

నేను వింటూ వింటూ ఎక్కడో ఆగిపోయాను. పిల్లవాడు పొద్దున ఏం తిన్నాడో, ఎన్నింటికి పడుకున్నాడో, కళ్లు ఏ రంగులో ఉన్నాయో ఇంత వివరంగా చెప్పాలంటే ఎంతసేపు చూసి ఉండాలి? ఆ పిల్లవాడి సొంత తండ్రికి ఇన్ని తెలుసా? ఇది ఫిర్యాదేనా?

ఈ కాలం పిల్లల గురించి వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంటుంది. పిల్లలు సుఖానికి అలవాటు పడ్డారని, పెద్దలు వస్తే లేచి నిలబడరని, గురువుల్ని లెక్కచేయరని దాని సారాంశం. కింద సోక్రటీసు పేరు ఉంటుంది. ఒకప్పుడు నేనూ దాన్ని నమ్మి తరగతిలో చెప్పినదాన్నే. తర్వాత తెలిసింది, అది సోక్రటీసు అన్నది కాదు. కెన్నెత్ జాన్ ఫ్రీమన్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి, ప్రాచీన గ్రీకుల చదువుల మీద తాను రాసిన పుస్తకంలో, ఆ కాలపు పెద్దలు పిల్లల మీద చేసిన ఫిర్యాదులన్నిటినీ పోగుచేసి తన మాటల్లో చెప్పాడు. ఆ పుస్తకం 1907లో అచ్చయింది. కాలక్రమంలో విద్యార్థి పేరు రాలిపోయి, తత్వవేత్త పేరు వచ్చి అతుక్కుంది. నన్ను కలచివేసింది ఆ పొరపాటు కాదు. పుస్తకం అచ్చులో చూసుకోవడానికి ఫ్రీమన్ లేడు. 1906లోనే, ఇరవై నాలుగేళ్లకు, పోయాడు. లోకమంతా వృద్ధుల మాటగా చెప్పుకునే ఆ నాలుగు వాక్యాలు రాసినవాడు ముసలితనం మొహం చూడలేదు. ఈ కాలం పిల్లలు అని ఒక్కసారైనా అనే వయసు అతనికి రాలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా, ఆ వాక్యాలు ఎవరైనా పంపితే కోపం రాదు నాకు. ఆ కుర్రవాడి మీద జాలి వేస్తుంది.

ఇంకొకటి కూడా చదివాను. 2019లో జాన్ ప్రోజ్కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అమెరికాలోని పెద్దవాళ్లను ఈ విషయమే అడిగి చూశారు. పెద్దల మాటకు ఎదురుచెప్పకూడదని గట్టిగా నమ్మేవాళ్లకు, ఇప్పటి పిల్లల్లో మర్యాద తగ్గినట్టు కనిపిస్తుందట. తెలివితేటల పరీక్షలో ముందున్నవాళ్లకు పిల్లల్లో తెలివి తగ్గినట్టు అనిపిస్తుందట. బాగా చదివే అలవాటున్నవాళ్లకు పిల్లలు చదవడం మానేసినట్టు తోస్తుందట. అంటే ఎవరిలో ఏది నిండుగా ఉందో, వాళ్లకు పిల్లల్లో అదే లోటుగా కనబడుతుంది. ఇప్పటి తమను తీసుకెళ్లి తమ చిన్నతనంలో కూర్చోబెట్టుకుని, అప్పుడు మేమంతా ఇలాగే ఉన్నామని అనుకోవడం ఇందులో ఒక కారణమని వాళ్లు తేల్చారు.

టాక్సీలో వెనక సీట్లో కూర్చుని ఈ సంగతి గుర్తు చేసుకుంటే, డ్రైవరన్న మాటలన్నీ తిరగేసిన చొక్కాలాగా లోపలి కుట్లతో సహా కనిపించాయి. ఆయన పిల్లల మీద చెప్పిన చాడీలన్నీ వరసగా పెడితే ఆయన జీవితచరిత్ర అవుతుంది. దోవ అడగడం తెలిసిన మనిషి. గుడి బయట మూడు గంటలు గొణగకుండా కాచుకున్న మనిషి. తెల్లవారకముందే నాలుగు చక్రాలూ, ఐదోదీ తట్టి చూసుకున్న మనిషి. తనలోని మంచిని నేరుగా చెప్పుకోవడం మన పల్లెల్లో పెరిగినవాళ్లకు రాదు. చెప్పుకుంటే గొప్పలు పోతున్నారంటారు. అందుకని ఇతరుల్లో లేదని చెబుతారా? ఏమో. ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు ఎవరు? బాడుగ లెక్కపెట్టి ఇచ్చి దిగిపోయేవాళ్లం మనం. తిరపతి ఘాటులో ఒక్క కుదుపు లేకుండా దించినందుకు ఆయన చేయి పట్టుకుని ఎవరైనా ఒక మాట అన్నారా?

నా సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు పాఠం చెప్పాను. స్టాఫ్ రూములో నేను ఎక్కువసార్లు అన్న మాట, ఈ పిల్లలు చదవరు. ఆ పరిశోధన చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఒక అమ్మాయి గుర్తొచ్చింది. పల్లెనుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు తరగతిలో నేను ఎప్పటిలాగే మీరు చదవరని అంటుంటే లేచి నిలబడి, "మేడమ్, మీరు చెప్పే పుస్తకాలన్నీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉన్నాయి. దానికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు" అంది. తరగతి నిశ్శబ్దమైంది. ఆ తాళం సంగతి నాకు తెలుసు. చేరిన ఏడాదినుంచీ తెలుసు. నాకు కావలసిన పుస్తకాలు నేను కొనుక్కున్నాను కాబట్టి ఆ తాళం నాకు అడ్డు కాలేదు. ఆ అమ్మాయి అడిగాక కూడా నేను ఆఫీసుకు వెళ్లి గట్టిగా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. తాళం తీసేసరికి ఆ పిల్ల పరీక్షలు రాసి వెళ్లిపోయింది. నా నోరు ముప్పై ఏళ్లు పనిచేసింది. నా కాలు లేవలేదు.

అందుకే పెద్దల ఫిర్యాదును మరీ ముద్దు చేసుకోవడానికీ మనసొప్పదు. 1984లో నేను ఎం.ఏ. చదవడానికి హైదరాబాద్ వెళ్తానంటే మా పెదనాన్న అన్నది కూడా ఈ కాలం పిల్లలనే. ఆడపిల్లలకు అడ్డూ అదుపూ లేకుండా పోయిందని, ఊరు కాని ఊళ్లో హాస్టలేమిటని. ఆయన మంచివాడు. నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నవాడు. కానీ ఆయన ఆ మాట అని ఊరుకోలేదు, దోవకు అడ్డంగా కూర్చున్నాడు. నా చదువు రెండేళ్లు ఆగింది. మా నాన్న ఆయన్ను ఎదిరించలేక, నన్ను చూడలేక, ఆ రెండేళ్లూ ఇంట్లో తల వంచుకుని తిరిగాడు. ఒకే మాట, ఒకే ఊపిరి. ఒకరి నోట అది దారి మూసింది, ఇంకొకరి నోట అది దారి ఇస్తూ వచ్చింది. మాటను బట్టి మనిషిని పట్టుకోవడం ఎంత కష్టం!

పెద్దలకూ పిల్లలకూ మధ్య నడిచే ఈ తగవును బళ్లారి బాగా ఎరిగిన ఊరు. తెలుగు నాటకానికి ఇక్కడ ఒక పుట్టిల్లుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ ఈ ఊరి వకీళ్లే, ఇద్దరూ నాటకకర్తలే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ, 1880లో పుట్టి 1946లో పోయినవాడు, తానూ వకీలే. కోర్టులో మంచి పేరున్న మనిషి మొహానికి రంగు పూసుకుని స్టేజీ ఎక్కాడు. అంతటితో ఆగక, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. మా పెదనాన్న లాంటివాళ్లు అప్పటి బళ్లారి వీధుల్లో ఏమని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు ఆయన పేరు మీద ఊళ్లో రాఘవ కళామందిరం ఉంది. ఒకప్పటి చెడిపోయిన కుర్రకారే తర్వాత భవనాల మీది పేర్లవుతారు. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు చూసి ఉడికిపోవడం మనకు తెలిసిందే. ఆ నాటకం తొలిసారి ఆడింది 1892లో. సంగనకల్లు పక్కన, కప్పగల్లు గుట్ట మీద రాతి బొమ్మలున్నాయని చదువుకున్న ప్రపంచానికి తెలిసింది కూడా అదే ఏడాది. ఈ రెంటికీ సంబంధం లేదు. నాకు మాత్రం ఆ ఏడాది తలుచుకుంటే, విజయనగరంలో స్టేజీ మీద ఒక తండ్రి కొడుకు మీద కేకలేస్తుండగా ఇక్కడ ఎండలో, కొడితే మోగే ఆ గుట్ట రాళ్లలో ఒకటి మోగుతున్నట్టు ఉంటుంది.

దోవలో డ్రైవరన్న ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "మాదీ తప్పుండాదమ్మా" అన్నాడు. 2000 తర్వాత వచ్చిన ఆ పదేళ్ల గురించి. చైనాకు ఇనుప రాయి ఎంత పంపినా చాలని రోజులవి. సండూరు కొండలనుంచి లారీలు చీమల బారులాగా కదిలేవి. రోడ్డు పక్క చెట్లూ ఇళ్లూ ఎర్రగా మారాయి. దండెం మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఇటుక రంగు. పదిహేడేళ్ల పిల్లలు టిప్పరు స్టీరింగు పట్టారు. ఈయన కొడుకూ పట్టాడు. పదో తరగతి సగంలో బడి మానేశాడు. "నేను నెలంతా తిరిగితే వచ్చేది వాడు వారానికి తెచ్చినాడు. వాళ్లమ్మ చేతిలో నోట్లు పెట్టినాడు. నేనేం జెప్తాను? చదువుకోరా అని ఏ నోటితో అందును?" 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనుల్ని ఆపమంది. ఒక్కసారిగా రోడ్లు ఖాళీ. కిస్తీలు కట్టలేని టిప్పర్లు ఇళ్ల ముందర తుప్పు పట్టాయి. కొడుకు రెండేళ్లు ఇంట్లో గోడకానుకుని కూర్చున్నాడు. తర్వాత జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరాడు. ఈ ఊళ్లో అవి వీధికొకటి. ఇప్పుడక్కడ కటింగ్ మాస్టరు. "ఆ పొద్దు నేను గట్టిగా నిలబడుంటే..." అని ఆగిపోయాడు. ఎదురుగా ఎద్దులబండి వస్తోంది. మళ్లీ పక్కకు తీశాడు.

పిల్లలకు నిలకడ లేదని ఆయన అంతకుముందు అరగంటలో నాలుగుసార్లు అన్నాడు. నిలకడ లేకుండా పోయింది ఎవరికి? పిల్లలకా, రాయి ధరకా? ఊరంతా పదేళ్లు పరుగెత్తి ఒక్కరోజులో ఆగిపోతే, ఆ పరుగు పుట్టించిన పెద్దల మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? పిల్లలు చేయరు. వాళ్లకు అంత వ్యవధి లేదు.

సంగనకల్లు చేరేసరికి తొమ్మిదయింది. ఊరి పక్కన గుట్టలు గుండ్రాళ్లు పేర్చినట్టున్నాయి. సన్నరాచమ్మ గుడ్డ, చౌడమ్మ గుడ్డ, హిరేగుడ్డ అని అక్కడివాళ్లు పిలుస్తారు. మనం గుట్ట అనేది కన్నడంలో గుడ్డ. ఈ నేల మీద రెండు భాషలూ ఒకే చెంబుతో నీళ్లు తాగుతాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. డ్రైవరన్న తల్లిది ఆలూరు పక్కన పల్లె, తండ్రిది సంగనకల్లు. నాతో తెలుగు, స్టాండులో కన్నడం. మనవళ్లు బళ్లో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు కన్నడంలో చెబుతారు. ఇదీ ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. కానీ ఆ జవాబు చెప్పేటప్పుడు మనవరాలి గొంతు ఎలా ఉంటుందో అనుకరించి చూపించాడు. అచ్చం ఆ పిల్లే మాట్లాడినట్టుంది.

ఈ గుట్టల మీద మనుషులు సుమారు అయిదు వేల ఏళ్ల కిందటే స్థిరపడ్డారు. పశువులు మేపుకున్నారు, కొర్రల జాతి చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు పండించుకున్నారు. పేడ కుప్పలు కాల్చగా కాల్చగా పేరుకున్న బూడిద దిబ్బలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. హొసపేట దోవలో కుడితిని దగ్గరున్నది వాటిలో పేరుపడ్డది. 1940ల్లో బెండపూడి సుబ్బారావు, అప్పటికింకా దక్కన్ కాలేజీలో పరిశోధక విద్యార్థి, సన్నరాచమ్మ గుడ్డ మీద తవ్వి ఈ చరిత్రకు ఒక వరస కట్టాడు. తర్వాత రవి కొరిశెట్టర్ వంటివాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే పనిచేశారు. హిరేగుడ్డ పైన రాతి గొడ్డళ్ల కార్ఖానా ఉండేది. డోలరైట్ అనే నల్లరాయిని చెక్కి, అరగదీసి, గొడ్డళ్లు చేసేవాళ్లు. చెక్కులు ఇప్పటికీ కాళ్ల కింద గలగలమంటాయి. అరగదీసిన చోట రాతి మీద నున్నటి గాడులు పడ్డాయి. వేలు పెడితే లోపలికి జారుతుంది. ఎన్ని చేతులు ఎన్నేళ్లు రుద్దితే అంత నునుపు వస్తుంది? అక్కడ కూర్చున్న పెద్దవాడు పక్కనున్న కుర్రవాడితో ఏమని ఉంటాడు? అట్లా కాదు, ఇట్లా పట్టుకో అని ఉండడూ? నీకు ఓపిక లేదని అని ఉండడూ?

డ్రైవరన్న మోకాళ్ల నొప్పని కిందే ఉన్నాడు. ఊళ్లోంచి ఇద్దరు కాలేజీ పిల్లలు నాకు దోవ చూపించడానికి వచ్చారు. నల్లరాళ్ల మీద బొమ్మలు. ఎక్కువగా ఎద్దులే, పొడుగాటి కొమ్ములు, ఎత్తైన మూపురాలు. గీసినవి కావు, రాతితో రాతిని కొట్టి కొట్టి పైతోలు లేపినవి. కొన్ని బొమ్మలున్న చోటికి నా చూపు పోతోంది గానీ చేయి పోదు. పైనున్న బండ మీంచి వేలాడితే తప్ప అందదు. ఇక్కడ పరిశోధన చేసి 2004లో వివరాలు ప్రచురించిన నికోల్ బోవిన్ కూడా ఈ మాటే రాశారు. వేలాడింది ఎవరై ఉంటారు? మోకాళ్ల నొప్పులున్న పెద్దలైతే కాదు. పద్దెనిమిదేళ్లో, ఇరవై ఏళ్లో. మందను వదిలేసి బండకు వేలాడుతూ, రోజంతా టకటకమని కొడుతూ. కిందనుంచి ఒక తల్లి పిలుస్తూ ఉండి ఉంటుంది. ఆ పూట ఆ పిల్లలు చెడగొట్టిన కాలమే ఇవాళ మనకు మిగిలిన సంపద అనిపించి, ఒళ్లు జలదరించింది. అదే గుట్ట వాలులో కొంత భాగాన్ని క్వారీ తినేసింది. ఎన్ని ఎద్దులు కంకరై రోడ్ల కిందికి పోయాయో! ఆ పని చేసింది ఈ కాలం పిల్లలు కాదు. లెక్కలు తెలిసిన పెద్దవాళ్లు.

పిల్లల్లో ఒకడు మోగే రాయి దగ్గరికి తీసుకెళ్లాడు. నల్లటి బండ, అంచు మీద చిన్న చిన్న గుంతలు. రెండోవాడు ఫోను పట్టుకుని వీడియో మొదలుపెట్టాడు. మొదటివాడు రాయి తీసుకుని బలంగా కొట్టాడు. టప్ మంది, అంతే. ఇంకోసారి కొట్టాడు. అంతే. నాకు మనసులో భయం, ఇంత పాత రాయిని ఇలా కొట్టొచ్చా అని. ఆపుదామని నోరు తెరిచేలోగా వెనకనుంచి ఆయాసంతో ఒక గొంతు. "అట్ల గాదురా. బండను సంపుతావా ఏమి? చేయి వదులు పెట్టు." డ్రైవరన్న. తువ్వాలు తలకు చుట్టుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడు బయల్దేరాడో, ఎలా ఎక్కాడో. పిల్లవాడి చేతిలో రాయి తీసుకోలేదు. వాడి మణికట్టు పట్టుకుని, అంచున ఉన్న ఒక గుంత దగ్గర పెట్టించి, "ఈడ. మెల్లగ. తాకి వదిలేయల్ల" అన్నాడు.

గణ్ మంది. కంచు గంట. ఒక్క చప్పుడు కాదు, చప్పుడు వెంట ఒక సాగుడు. బండలోంచి గుట్టలోకి, గుట్టలోంచి మా అరికాళ్లలోకి వచ్చినట్టుంది. పిల్లవాడి మొహం చూడాలి ఆ క్షణంలో. చిన్నప్పుడు మేకలు కాయడానికి వచ్చి ఇక్కడే ఆడుకునేవాళ్లమని డ్రైవరన్న చెప్పాడు. ఏ గుంత ఎలా పలుకుతుందో ఆయనకు ఇంకా గుర్తుంది. ఇరవై ఏళ్లయిందట ఎక్కి. ఎందుకు రాలేదన్నా అంటే, "ఎవురితో వస్తునమ్మా?" అన్నాడు.

తిరుగుదోవలో ఒక చిన్న హోటలు ముందు ఆపాడు. బోర్డు మీద కన్నడంలో ఒగ్గరణె మిర్చి, మా నోట్లో ఉగ్గాని బజ్జీ. వేడి బజ్జీని విడదీసి ఆవిరి పోనిస్తూ, అడగాలనుకున్నది అడిగాను. "అన్నా, మీ కాలంలో మీ పెద్దోళ్లు మిమ్మల్ని ఏమనేవాళ్లు?" వాళ్లూ ఇదే అన్నారని చెబుతాడని అనుకున్నాను. అలా చెబితే నా ఆలోచన ఒక ఒడ్డుకు చేరుతుందని ఆశ కూడా ఉందేమో. ఆయన చాలాసేపు బొరుగులు నమిలాడు.

"ఏమీ అనల్యాదమ్మా. మమ్మల్ని ఎవురు సూసినారు? ఏడుమందిమి. పొద్దున లేస్తే మా నాయిన ఒక తట్టు, మాయమ్మ ఒక తట్టు కూలికి పాయె. తింటిమా ల్యాదా, యాడ పండుకుంటిమి, ఎవురికి తెలుసు? నేను పద్నాలుగేళ్లకు లారీలో క్లీనరుగా పోతి. నాలుగు నెల్లకు వస్తి. మాయమ్మ సూసి, ఎప్పుడొస్తివిరా అనె. అంతే. చెడిపోతివిరా అనేదానికి గూడ ఒక మనిషి కావాల గదమ్మా."

ఆ మాట తర్వాత నేనింక ఏమీ అడగలేదు. అన్నీ తెలిసినట్టు ఇంతసేపు ఏవేవో అల్లుకుంటూ వచ్చాను, సోక్రటీసు అని, పరిశోధన అని. పద్నాలుగేళ్ల క్లీనరు పిల్లవాడు ఎక్కడో గుంతకల్లు చెక్‌పోస్టు దగ్గర లారీ చక్రం పక్కన గోనెపట్ట వేసుకుని పడుకున్నప్పుడు, వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయా అని ఎవరూ చూడలేదు. పొద్దున ఏం తిన్నావని అడగలేదు. ఆ పిల్లవాడే ఇవాళ స్టాండులో ఇంకొక పిల్లవాడి కళ్లూ కడుపూ లెక్కపెడుతున్నాడు. మా పెదనాన్నను కూడా చిన్నప్పుడు ఎవరైనా చూశారా? నాకు తెలియదు. అడగడానికి ఆయన లేడు.

స్టేషన్ దగ్గర దిగి బాడుగ ఇస్తుంటే ఆయన ఫోను మోగింది. గుట్ట మీది పిల్లలు వీడియో పంపారు. కళ్లద్దాలు వెతుక్కుని, దూరంగా పెట్టుకుని చూశాడు. గణ్ మనేచోటికి రాగానే ఫోను చెవికి ఆనించుకున్నాడు. "ఫోన్లో ఆ సౌండు రాదమ్మా" అని పెదవి విరిచాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ విరిచాడు. స్టాండులో రెండు బండ్ల అవతల, తలుపు తెరిచి కాళ్లు బయటపెట్టి ఒక కుర్రవాడు కూర్చున్నాడు. చెవుల్లో తెల్లటి తీగలు. వాడేనని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"రేయ్" అని అరిచాడు డ్రైవరన్న. వినపడలేదు. హారన్ కొట్టాడు. "ఇట్ల రా రా. నీ పాటలు తర్వాత ఇందువు గాని. ఇది ఇను."

కుర్రవాడు విసుక్కుంటూనే లేచొచ్చాడు. ఒక చెవిలోంచి తీగ లాగి, కిటికీలోకి వంగాడు.